మా సీమకు వచ్చు సోదరీమణులకు

"అనంతపురమా? అక్కడ నేమున్నది చూచుటకు?" అను ప్రశ్నను మేము వినని పెండ్లిపందిరి లేదు. కోస్తా ప్రాంతపు బంధువులు రైలులో గుంతకల్లు దాటునపుడు కిటికీలోనుండి ఎఱ్ఱనేలను, నల్లగుండ్లను, అక్కడక్కడ నొక తుమ్మచెట్టును జూచి నిట్టూర్చి తలుపు దించుకొందురు. తిరుపతికి గాని బెంగుళూరునకు గాని పోవువారికి మా ఊళ్లు నిద్రవేళలో దాటిపోవు స్టేషనులు మాత్రమే. ఈ సీమకు కోడలుగనో, ఉద్యోగమునకు వచ్చిన భర్తతోనో, నాలుగు దినముల చుట్టపుచూపునకో వచ్చు సోదరీమణులకు మేము చూచినవి, తిన్నవి, కొన్నవి కొన్ని చెప్పవలెనని చాలకాలముగా కోరిక. పెద్ద హోటళ్ల పేరులు, పెద్ద అంగళ్ల ప్రకటనలు ఎచటనైనను దొరకును. మేము చెప్పునవి ఇల్లాలు ఇల్లాలికి చెప్పుకొను చోటులు.

మొదట నొక మాట. 1882లో బళ్ళారినుండి వేరైన అనంతపురము జిల్లా 2022 ఏప్రిలులో రెండుగా విభజింపబడి ధర్మవరము, హిందూపురము, పెనుకొండ, కదిరి ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. వంటయింటికిని చీరలపెట్టెకును ఆ హద్దు తెలియదు గనుక మేము రెంటిని గలిపియే మా సీమ యనుచున్నాము. ఇచట ఏడాదికి పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా పాతలెక్కలో 22 అంగుళములు. నైరుతి మేఘములు పడమటి కనుమలలోనే తమ నీటిని చాలవరకు దించివేసి వచ్చును. ఈశాన్యపు మేఘములు సముద్రమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి తేలికపడును. ఈ రెంటి నడుమ మిగిలిన నేల మాది. ఈ సంగతి మనసున నుంచుకొన్నగాని ఇచటి రుచులు గాని, చేతిపనులు గాని, కథలు గాని అర్థము గావు.

ఈ మాట మాకు బాగుగ తెలిసినది మా మఱిది పెండ్లి తరువాత. అతనికి కోనసీమ పిల్లను తెచ్చితిమి. కాలువగట్టున పుట్టి, పెరటిలో కొబ్బరిచెట్ల నీడను పెరిగినది. మొదటి వేసవిలో కుళాయినీరు దినము విడిచి దినము వచ్చుచుండగా, ప్రతి బిందెకును మూతపెట్టి లెక్క చూచుకొను మా యింటి పద్ధతి జూచి ఆ పిల్ల మాటలాడుట తగ్గించినది. ఒకనాడు దొడ్డిగుమ్మము వద్ద కూర్చుండి ఏడ్చుచుండగా మా అత్తగారు చూచిరి. మందలింపలేదు. మాతో మాత్రము, "ఆ పిల్లను ఇంట్లో కూచోబెట్టొద్దమ్మా. నాలుగూర్లు తిప్పుకోని రా" అనిరి. ఈ వ్యాసములోని చోటులన్నియు ఆ యేడాది మేమిద్దఱము తిరిగినవే.

అనంతపురము ఊరును చూడదలచినవారు గడియారస్తంభముతో మొదలుపెట్టుదురు. అది స్వాతంత్ర్యమునకు గుర్తుగ కట్టినది. ఎనిమిది ముఖములు, 47 అడుగుల ఎత్తు, 15 అడుగుల వెడల్పు గలిగి 1947 ఆగష్టు 15ను తనలోనే నిలుపుకొన్నదని ఊరివారు చెప్పుదురు. అచటినుండి పాతూరు బజారులలో నడచినచో పసుపు, కుంకుమ, బొరుగులు, ఇత్తడి సామానులు, గాజులు అన్నియు నడకదూరములో దొరకును. కాని మేము మా తోడికోడలిని మొదట కొనిపోయినది బజారునకు గాదు, బుక్కరాయసముద్రము చెఱువుకట్టమీదికి. ఈ చెఱువును, అనంతపురపు చెఱువును విజయనగర ప్రభువైన బుక్కరాయల కాలమునాటివని చెప్పుదురు. సాయంకాలము ఎండ తగ్గినపిదప ఆ కట్టమీద నడచుటకంటె హాయియైన పని ఈ ఊరిలో వేఱొకటి మాకు తెలియదు. నీరున్న సంవత్సరమున కొంగలు వచ్చును. లేని సంవత్సరమున చెఱువు గర్భములో మేకలు మేయును.

ఆ కట్టతో ముసలమ్మ కథ ముడిపడియున్నది. వానలు ముంచెత్తి కట్ట తెగబోవుచుండగా, ఊరిలోని బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలియైనగాని నిలువదని పలుకు వినవచ్చెననియు, ఆమె అత్తమామలకు, భర్తకు, బిడ్డకు చెప్పి గండిలో దిగెననియు జనులు చెప్పుకొందురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశలోనే ఈ కథను "ముసలమ్మ మరణము" అను కావ్యముగ వ్రాసిరి. మేము కథ ముగింపగానే మా తోడికోడలు, "కోడల్నే ఎందుకడిగిందంటారు అక్కయ్యా?" అని అడిగినది. మాకు ఉత్తరము తోచలేదు. ప్రక్కనే మేకలు కాచుకొనుచున్న యొక వృద్ధురాలు ఆ మాట విని, "పూడిక తీసేటోళ్లు లేకుంటే చెరువు ఆడమనిషినే అడుగుతాదమ్మా" అన్నది. ఆ ముసలమ్మ చెప్పిన అర్థము ఏ పుస్తకములోను మాకు కనబడలేదు. కట్టను ఏటేట చూచుకొనవలసిన చేతులు చూచుకొనకున్నచో, చివరకు ఆ బరువు ఇంటి ఆడుదాని తలపై బిందెగనో ప్రాణముగనో పడుననియే గదా దాని భావము! నాటినుండి మా తోడికోడలు ఆ కట్టను తనదిగా చూచుకొనసాగినది. వానకాలములో నీరెంత వచ్చినదో తానే పోయి చూచి వచ్చి ఇంటిలో చెప్పును.

ఇక తిండి సంగతి. ఈ సీమ ఉదయపు ఫలహారము ఉగ్గాని. బొరుగులను నీటిలో ముంచి వెంటనే తీసి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు వేసిన పోపులో కలిపి, పైన పప్పులపొడి చల్లి, నిమ్మకాయ పిండుదురు. దానికి జోడు మిరపకాయ బజ్జీ. నానుటకు తగినంతకంటె ఎక్కువ నీరు దీనికి అక్కఱలేదు. పొయ్యిమీద పది నిమిషములు చాలును. పొలమునకు పోవు ఇల్లాలికి ఇంతకంటె ననువైన వంట యేది? దీనిని పెద్ద హోటలులో తినవలదు. ఉదయము ఏడుగంటలకు, భార్యాభర్తలు ఇద్దఱే నడుపుకొను తోపుడుబండి వద్ద, బాణలినుండి దిగిన వెంటనే తినవలెను. ఆమె పోపు వేయుచుండగా అతడు బజ్జీలు దించుచుండు బండి కనబడిన అచటనే ఆగుడు. గుంతపొంగణములు వేయు అవ్వలును అట్టి వీథిమొగలలోనే కూర్చుండియుందురు.

మధ్యాహ్నమునకు రాగిసంగటి. నూకలు ఉడుకుచుండగా రాగిపిండి పోసి, కట్టెతో గెలికి ముద్దచేసి, నడుమ గుంటలో నేయి వేయుదురు. ప్రక్కన వేరుశనగగింజల ఊరుబిండి గాని, గోంగూర గాని, పప్పు గాని యుండును. కోనసీమ పిల్లకు మొదటి ముద్ద గొంతు దిగలేదు. దానిని నమలరాదనియు, కూరలో అద్ది మ్రింగవలెననియు మా అత్తగారు నేర్పినపిదప ఇప్పుడు ఆమెయే ఆదివారము సంగటి లేనిదే ఒప్పుకొనదు.

పండుగవంట ఓళిగ. మీరు బొబ్బట్లు అనుదురు. పాతూరులోను, కొత్తపేటలలోను స్త్రీలే తమ వాకిటిగదిలో పెనము పెట్టుకొని ఓళిగలు కాల్చి లెక్కకు అమ్ము చోటులు ఇప్పుడు అనేకము. బేడల పూర్ణమేగాక కొబ్బరి ఓళిగయు దొరకును. పెండ్లిండ్లకు ముందురోజు చెప్పినచో వందలకొలది చేసి ఇత్తురు. మీరు పోయినపుడు ఓళిగతోబాటు చారు ఉన్నదా యని అడుగుడు. బేడలు ఉడికించిన నీటిని పాఱబోయక, అందులో కొంచెము పూర్ణమును, చింతపండును, మిరియపుపొడిని వేసి కాచెడి ఆ చారు తియ్యగను కారముగను నుండి ఓళిగకంటెను మిన్నగ నుండునని మా అభిప్రాయము. నీరు విలువగల ఇంటనే అట్టి వంట పుట్టగలదు.

వేరుశనగను ఇచట చెనక్కాయలు, బుడ్డలు అందురు. వాననే నమ్ముకొని ఈ ఎఱ్ఱనేలలో లక్షలాది ఎకరములలో వేయు పంట ఇది. మొలచిన పిదప వాన ముఖము చాటుచేసినచో విత్తనపు అప్పు తప్ప మఱేమియు మిగులదు. పంట వచ్చిన ఏడు పొలముగట్టున పచ్చికాయలను ఉడకబెట్టి పెట్టుదురు. ఆ రుచి అంగడిలో దొరకదు. ఒక్క పంటనే నమ్ముటకంటె కొఱ్ఱలు, రాగులు, అలసందలు, కందులు కలిపి వేసికొన్న పాతపద్ధతియే కరవునకు తట్టుకొనునని చెప్పి పనిచేయువారును కలరు. చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వారి ప్రోత్సాహమున రైతుల సహకార సంఘము చిరుధాన్యములను ఎరువులు, మందులు వేయక పండించి అమ్ముచున్నది. కొఱ్ఱబియ్యము, రాగిపిండి ఇంటికి కొనిపోదలచినవారు అట్టి సరకును అడిగి కొనుట మంచిది. మనము కొను ప్రతి శేరు కొఱ్ఱలును ఎవరో రైతు మఱుసటి యేడు ఏమి విత్తవలెనో నిర్ణయించును.

చీరల మాటకు వత్తము. ధర్మవరము పేరు తెలియని తెలుగు ఆడుబిడ్డ ఉండదు. వెడల్పు జరీ అంచును, బరువైన పమిటచెంగును గల పెండ్లిపట్టుచీరలకు ఈ ఊరు ప్రసిద్ధి. ధర్మవరపు చేనేత పట్టుచీరలకు, పావడలకు భౌగోళిక సూచిక గుర్తింపును లభించినది. ఊరిలో దుకాణములకు కొదువలేదు. అయినను మగ్గమున్న ఇంటికి ఒకసారి పోయి చూచి, పిదపనే కొనుడు. తెలిసినవారి ద్వారా అడిగినచో కాదనువారు తక్కువ.

మా తోడికోడలి చెల్లెలి పెండ్లిచీర నిమిత్తము అట్టి యింటికి మేము పోయితిమి. ముందుగదియంతయు మగ్గమే. గుంటలో కాళ్లు దించుకొని ఇంటాయన నేయుచుండెను. ఆమె మూల కూర్చుండి కండెలు చుట్టుచు, తెగిన పోగులు అతుకుచు, నడుమ లేచి పొయ్యిమీది అన్నము చూచుచుండెను. చీరకు కూలి ఎంత యని మేము అడుగగా ఆయన చెప్పెను. "మఱి ఈమె కూలి?" అని మా తోడికోడలు అడిగినది. ఆయన నవ్వి, "ఆమెది దాంట్లోనే కదమ్మా" అనిరి. ఆమె మాత్రము నవ్వలేదు. కండె తిప్పుచునే, "దాంట్లోనే అంటే లేదనే కదా" అన్నది. ఇద్దఱి చేతులు పడిన చీరకు ఒక్కరి కూలియే లెక్కలో కనబడు సంగతి మనము చీర ధర బేరమాడునపుడు తలచుకొనవలసినదే. అప్పులకు తాళలేక ప్రాణములు విడిచిన నేతగాండ్ర వార్తలు ఈ ఊరినుండి పత్రికలలో పలుమారు వచ్చినవి. మరమగ్గముపై నేసిన దానిని చేనేతయని నమ్మించి అమ్ముటయు వారి కూటికి ఎసరు పెట్టుచున్నది. కొన్ని రకముల చీరలను చేతిమగ్గములకే కేటాయించుచు 1985లో పార్లమెంటు చట్టము చేసినను, కొనువారు గుర్తింపనిచో చట్టము ఏమి చేయగలదు?

గుర్తించుటకు మేము నేర్చుకొన్నవి కొన్ని చెప్పెదము. చీర అంచుల పొడవున, నేయునపుడు బట్టను బిగబట్టుటకు గ్రుచ్చిన సన్నని సూదిరంధ్రములు చేనేతలో తఱచుగ కనబడును. నేత అంతటను అచ్చుగ్రుద్దినట్లుండక అక్కడక్కడ చేతి తేడా తెలియును. పట్టుపోగు నొకదానిని కాల్చిన వెండ్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వ్రేళ్ల నడుమ పొడియగును. కృత్రిమపు పోగైనచో కరగి ముద్దగట్టును. జరీ వెండిదియా, రాగిదియా, కేవలము మెఱుగు పూతదియా యని నేరుగ అడిగి రసీదుపై వ్రాయించుకొనుడు. పట్టుముద్ర, చేనేతముద్ర ఉన్నవేమో చూడుడు. ఇంత చేసినపిదప ధర న్యాయముగ తోచినచో బేరము మానుడు.

ధర్మవరమునకు సమీపముననే నిమ్మలకుంట యను పల్లె గలదు. తోలుబొమ్మలాట కుటుంబములు ఇచట నివసించుచున్నవి. మేకతోలును శుభ్రముచేసి, కాగితమువలె పలుచబఱచి, ఉలులతో వందలకొలది రంధ్రములు కొట్టి, రంగులు వేసినపుడు దీపపు వెలుగు దానిగుండ ప్రసరించును. రాత్రులంతయు రామాయణము ఆడిన కాలము పోయి, ఆ చేతులే ఇప్పుడు దీపపు తొడుగులు, గోడకు తగిలించు చిత్రములు చేయుచున్నవి. ఈ పల్లెకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. రంగులు వేయు పనిలో ఇంటి స్త్రీల చేయి ఎంతయో కలదు. పిల్లలను తప్పక కొనిపోవుడు. కొన్నను కొనకున్నను ఒక బొమ్మను తెరవెనుక ఆడించి చూపుమని కోరిన వారి ముఖములు వికసించును. కదిరికి పోవువారు కుంకుమయు, వేసవియైనచో మల్లెపూలును మఱవరాదు.

ఇక తిరిగి చూచుటకు. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దములో, విరూపణ్ణ వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయమిది. వ్రేలాడు స్తంభమును, పెద్ద నందిని అందఱును చూచి వత్తురు. మేము చెప్పునది తల పైకెత్తి మండపపు పైకప్పు చూడుమని. ఆ చిత్రములలోని స్త్రీల చీరల అంచులు, కొప్పులు, నగలు ఒక్కొక్కటియు వేఱు. నేటి నేతగాండ్రును ఆ అంచులను చూచి అల్లుకొందురు. కనుక ధర్మవరమునకు ముందు లేపాక్షి చూచినచో చీరను ఎంచుకొను కన్ను మాఱును. ఆవరణలో నేలరాతిలో తొలిచిన పళ్లెములు కలవు. శిల్పులు భోజనము చేసినవని చెప్పుదురు. దేవుని గుడిలో పనివారి కంచములు నిలిచియుండుట మాకు ఎంతయో నచ్చినది.

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గరామలింగేశ్వరుడు. బుగ్గ యనగా ఊట. నది ఇసుకగ మారిన వేసవిలోను లింగమువద్ద నీరు ఊరుచుండునని ప్రసిద్ధి. మా తోడికోడలు ఆ నీటిని చేత బట్టి చాలసేపు నిలిచినది. అచటి అసంపూర్ణ గోపురముల నల్లరాతి పనియు, చింతలవేంకటరమణస్వామి గుడిలోని రాతిరథమును తీఱికగ చూడదగినవి. కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరమున తిమ్మమ్మ మఱ్ఱిమాను సుమారు ఐదెకరములలో వ్యాపించి, 1989లో ప్రపంచములోకెల్ల పెద్ద మఱ్ఱిగ గిన్నీసు పుస్తకములోనికి ఎక్కినది. భర్తతో సహగమనము చేసిన తిమ్మమ్మ పేర అది వెలసెనని కథ. చెఱువునకు ముసలమ్మ, చెట్టునకు తిమ్మమ్మ. ఈ సీమ స్త్రీల పేరులు నిలిచిన చోటులలో మరణమే కారణమగుట మాకు కొంత బాధ. ఊడలక్రింద చల్లగ కూర్చుండి కొఱ్ఱన్నము తినుచు, బ్రతికి కట్టను, మగ్గమును, పొయ్యిని నిలిపిన స్త్రీల పేర ఒక చెట్టైనను ఎవరు నాటుదురా యని మేమిద్దఱము మాటలాడుకొంటిమి. ఆ మఱునాడు మా పెరటిలో మా అత్తగారి చేతనే ఒక వేపమొక్క నాటించితిమి. గిన్నెలు కడిగిన నీటితో అది ఇప్పుడు ప్రహరీ దాటినది.

తొలకరి పడిన వారములో వజ్రకరూరు వైపు పోయినచో పొలములలో ఆడువారు, పిల్లలు తలవంచుకొని నేలను వెదకుచుందురు. వానకు మట్టి కొట్టుకొనిపోయి వజ్రము బయటపడునని ఆశ. నిజముగ దొరికినవారును కలరు. మనకు రాయి దొరకకపోయినను, తడిసిన ఎఱ్ఱనేల వాసన దొరకును.

చివరగ కొన్ని జాగ్రత్తలు. మార్చినుండి మే వరకు పగటి ప్రయాణము వలదు. నవంబరునుండి ఫిబ్రవరి వరకు మేలు. గుళ్లకును, మగ్గపు ఇండ్లకును ఉదయమే పోవుడు. ఒకరి ఇంటిలో ఫొటో తీయుటకు ముందు ఇల్లాలిని అడుగుడు. ఈ సీమలో గడప త్రొక్కినవారికి మొదట ఇచ్చునది చెంబెడు నీరు. కాళ్లు కడుగుకొనుటకు బకెట్టు చూపినచో రెండు చెంబులతో సరిపెట్టుకొనుడు. త్రాగుటకు ఇచ్చినది త్రాగగలిగినంత లోటాలో వంచుకొని మిగిలినది చెంబులోనే యుంచుడు. ఎంగిలి కాని ఆ నీరు ఆ యింట మఱియొక పనికి వచ్చును. మీరు పోయినపిదప ఆ ఇల్లాలు మిమ్ములను గూర్చి నాలుగు మంచిమాటలు చెప్పుకొనును.